ఇందు, ఓర్వో, మన బడి చీకటి గది

జూబిలీ సంచికకు పాత ఫోటోలుంటే పంపమని కమిటీ మిత్రులు అడిగినప్పుడు, నా ట్రంకుపెట్టెలో రెండు నెగెటివ్ చుట్టలు దొరికాయి. 1986 మార్చిలో, పదో తరగతి పరీక్షలకు ముందు, సైన్సు క్లబ్బు కోసం తీసినవి. ఒకటి ఇందు, రెండోది ఓర్వో.

అప్పట్లో మన ఊరి స్టూడియోలో దొరికే నలుపు తెలుపు ఫిల్ములు ఈ రెండే. ఓర్వో తూర్పు జర్మనీలోని వోల్ఫెన్ నుంచి వచ్చేది. అది ఒకప్పటి ఆగ్ఫా ఫ్యాక్టరీ. 1964 నుంచి ఓర్వో అన్న పేరు వాడుకలోకి వచ్చింది. ఇందు మన దేశానిది. 1960లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ఊటీలో 1967 నుంచి ఉత్పత్తి మొదలుపెట్టింది. 'రెండిట్లో ఏది మేలు?' అన్నదే మా ప్రాజెక్టు. రెండూ 125 ఏఎస్ఏవే కొన్నాం. ఒకే క్లిక్ త్రీ కెమెరాతో అదే పెంకుల భవనాన్ని, అదే వేపచెట్టును రెండిటి మీదా తీశాం.

ఫిజిక్సు ల్యాబు పక్కనున్న సామాన్ల గదే మా డార్క్‌రూమ్. డెవలపర్ మేమే కలిపాం. 1927 నాటి కొడాక్ ఫార్ములా డీ-76: లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. కటిక చీకట్లో ఫిల్ము రెండు కొసలూ పట్టుకొని ట్రేలో ఊయలలా ఊపుతుంటే, బయట ఒకడు గడియారం చూస్తూ నిమిషానికోసారి తలుపు కొట్టేవాడు.

ఓర్వో చక్కగా వచ్చింది. ఇందు మాత్రం నల్లగా మాడినట్టయి, దాని నిండా ఎండిన చెరువులా నెర్రెలు. 'స్వదేశీ ఫిల్ము నాసిరకం' అని నోటుపుస్తకంలో రాసేశాను.

సైన్సు మాస్టారు చదివి ఒక్కటే అడిగారు: "ఏరా, రెండూ ఒకే నీళ్లలో కడిగారా?"

లేదు. ఓర్వోను పొద్దున్నే కడిగాం. ఇందును మిట్టమధ్యాహ్నం, డాబా మీది ట్యాంకు నీళ్లతో. మర్నాడు అదే వేళకు థర్మామీటరు పెడితే 35 డిగ్రీలు! మేం పాటించిన నిమిషాలు 20 డిగ్రీలకు చెప్పినవి. వేడికి డెవలపర్ జోరందుకుంది. ఫిల్ము మీది జెలటిన్ ఉబ్బి మెత్తబడింది. దాన్ని చివర్లో కుండలోని చన్నీళ్లలో ముంచేసరికి ఒక్కసారిగా ముడుచుకుని నెర్రెలిచ్చింది. తప్పు ఊటీది కాదు, మాది.

సోడా కొట్టు నుంచి ఐసు తెచ్చి, ట్రేలన్నీ ఒకే చల్లదనంలో ఉంచి, కొత్త ఇందు రోలుతో మళ్లీ చేశాం. పోస్టుకార్డు సైజు ప్రింట్లు పక్కపక్కన పెడితే ఏది ఏదో మాలో ఎవరూ చెప్పలేకపోయారు. నోటుపుస్తకంలోని ఆ వాక్యాన్ని మాస్టారు నాచేతే కొట్టివేయించారు.

ముప్ఫయ్యేళ్లుగా ఇంజనీరుగా పనిచేస్తున్నాను. రెండు యంత్రాల్లో ఒకటి బాగోలేదని ఎవరైనా రిపోర్టు తెస్తే, ఇప్పటికీ నా మొదటి ప్రశ్న మాస్టారిదే.

ఆ పెంకుల భవనం ఇప్పుడు లేదు. అటెండరు తాత దాని మెట్ల మీద గంట కొడుతున్న ఫోటో ఉన్నది ఆ నెర్రెల రోలులోనే. అలాగే స్కాను చేయించి పంపాను. మీ ఇళ్లలో పాడైపోయాయనుకున్న నెగెటివ్‌లుంటే పారేయకండి, మిత్రులారా. ఒకసారి వెలుతురుకు ఎత్తి చూడండి.