గిరి, వరాహగిరి వేంకట (1894 – 1980)

రైల్వే కార్మికోద్యమ నిర్మాత, మద్రాసు రాజధానిలో మంత్రి, భారత గణతంత్రమునకు నాల్గవ రాష్ట్రపతి. ఈయన పూర్వులు గోదావరీ డెల్టాలో రాజోలు ప్రాంతమునందలి చింతలపల్లి వాస్తవ్యులు. అచటినుండి గంజాం జిల్లా బరంపురమునకు తరలి స్థిరపడిరి. తండ్రి జోగయ్యపంతులు న్యాయవాది, కేంద్ర శాసనసభా సభ్యుడు. తల్లి సుభద్రమ్మ జాతీయోద్యమమున పాల్గొనిన ధీరురాలు. గిరి 1894 ఆగస్టు 10వ తేదీన బరంపురమున జన్మించి, అచటి కళ్ళికోట కళాశాలలో చదివి, న్యాయశాస్త్రాధ్యయనమునకై 1913లో ఐర్లండు రాజధాని డబ్లినుకు వెడలెను.

ఆ నగరమున ఈయనకు న్యాయశాస్త్రముతోపాటు మరియొక విద్యయు అబ్బెను. జేమ్స్ కానలీ వంటి ఐరిష్ కార్మిక నాయకులు కార్మికుల కష్టమును, దేశ దాస్యమును ఒక్కటిగా చూచిన తీరు ఈ తెలుగు యువకుని మనస్సునకు గాఢముగా హత్తుకొనెను. ఆంగ్లపాలనపై ఐరిషువారు లేపిన 1916 ఈస్టరు తిరుగుబాటు పిమ్మట ఆంగ్ల ప్రభుత్వము ఈయనను దేశము విడువవలసినదిగా ఆదేశింపగా, స్వదేశమునకు మరలివచ్చి మద్రాసు హైకోర్టులో న్యాయవాదిగా చేరెను. సహాయ నిరాకరణోద్యమము రాగానే, ఆదాయము చేకూర్చుచున్న ఆ వృత్తిని వదలుకొనెను. 1922లో సారాదుకాణముల వేలమునకు వ్యతిరేకముగా ప్రదర్శన జరిపి కారాగృహమున కేగెను.

ఈయన జీవితమున ప్రధానఘట్టము రైలుబాట వెంట నడిచినది. తీరాంధ్రమున నాడు రైలుమార్గ మొక్కటే యైనను యజమానులు ఇరువురు: బెజవాడనుండి రాజమహేంద్రవరము, సామర్లకోటల మీదుగా వాల్తేరువరకు మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వేది, వాల్తేరు దాటి బరంపురము, కటకములవైపు సాగునది బెంగాల్ నాగపూర్ రైల్వేది. గోదావరి స్టేషనులోని పాయింట్సుమనుకు ఒక కంపెనీ జీతమిచ్చును, బరంపురములో అదే పని చేయువానికి వేరొక కంపెనీ. ఒక కంపెనీ కార్మికులు మాత్రమే తిరుగబడినచో రెండవ కంపెనీ బండ్లు యథావిధిగా నడుచుచునే యుండును. ఏ కంపెనీకి ఆ కంపెనీ సంఘముండుట చాలదనియు, అన్నిటికిని పైన నొక సమాఖ్య కావలెననియు గిరివంటివారు తలచుటకు ఇంతకన్న బలమైన హేతువు వెదుకనక్కరలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మిక సంఘమును స్థాపించిన ఈయనయే, 1920 దశకపు నడుమ వెలసిన అఖిలభారత రైల్వేమెన్ సమాఖ్యకు వ్యవస్థాపకులలో ఒకడై, పదియేండ్లకు పైగా దానికి ప్రధాన కార్యదర్శిగా నుండెను.

బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మిక సంఘమునకు ఆయువుపట్టు ఖరగ్‌పూరు. అచటి బృహత్తరమైన వర్కుషాపులో ఇంజనులు, పెట్టెలు మరమ్మతు చేయు కార్మికులలో తెలుగు జిల్లాలనుండి, విశేషించి ఉత్తరతీరమునుండి, వలసపోయినవారు వేలకొలది యుండిరి. నేటికిని ఆ పట్టణమున తెలుగు వినవచ్చుట వారివలననే. ఉద్యోగుల సంఖ్యను తగ్గింపబూనిన కంపెనీ పెక్కురను పనినుండి తొలగింపగా, 1927–28 సంవత్సరములలో అచట పోరాటము చెలరేగెను. కార్మికుడు వసించు క్వార్టరు కంపెనీదే. పని పోయినవాడు జీతముతోపాటు నిలువ నీడయు కోల్పోవలసిన స్థితి. అట్టివారిని దౌర్జన్యమునకు లోనుగాకుండ కట్టుబాటున నిలిపి, కంపెనీయు ప్రభుత్వమును సంప్రదింపులకు దిగిరాక తప్పని పరిస్థితిని కల్పించుట గిరి నాయకత్వమునకు వన్నె తెచ్చిన కార్యము. 1926లో అఖిలభారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షుడాయెను. 1927లో జెనీవాయందలి అంతర్జాతీయ కార్మిక మహాసభకు శ్రామికుల ప్రతినిధిగా వెళ్ళెను. కార్మికుల స్థితిగతుల విచారణకై ఆంగ్ల ప్రభుత్వము నియమించిన రాయల్ లేబర్ కమిషనుతో సహకరించుటయా, బహిష్కరించుటయా అను వివాదమున 1929లో ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు చీలిపోగా, సహకారపక్షము వహించిన ఎన్.ఎం. జోషి ప్రభృతులతో కలిసి వేరొక సమాఖ్యను స్థాపించి దానికి అధ్యక్షత వహించెను. సమ్మె కార్మికుని జన్మహక్కే గాని, సంప్రదింపుల ద్వారములన్నియు మూతపడిన తరువాతనే అది రావలెనని ఈయన మతము. అతివాదులకు ఇది రుచింపలేదు. 1931లో రెండవ రౌండు టేబులు సమావేశమునకు పారిశ్రామిక కార్మికుల ప్రతినిధిగా లండను వెళ్ళెను.

1937 మద్రాసు శాసనసభ ఎన్నికలలో జస్టిసు పార్టీ అధినేతయగు బొబ్బిలిరాజాను ఆయన సొంతగడ్డపైననే ఓడించి, రాజగోపాలాచారి మంత్రివర్గమున కార్మిక, పరిశ్రమల శాఖలు నిర్వహించెను. యుద్ధకాలమున రెండు పర్యాయములు కారాగారవాసము; 1946లో ప్రకాశం మంత్రివర్గమున మరల కార్మికశాఖ; తదుపరి సింహళమున భారత హైకమిషనరు పదవి.

1952లో పాతపట్నమునుండి లోకసభకు ఎన్నికై కేంద్ర కార్మికమంత్రి యయ్యెను. బ్యాంకు ఉద్యోగుల వేతనములపై ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము సవరింపగా, దాని కంగీకరింపక 1954 ఆగస్టులో రాజీనామా నొసగెను. పదవిని ఇంత సునాయాసముగా త్యజించిన మంత్రులు అరుదు. 1957లో పార్వతీపురమున పరాజయము సంభవించెను. అది ద్విసభ్య నియోజకవర్గము. ఒక స్థానము గిరిజనులకు ప్రత్యేకింపబడినది. రెండు స్థానములును గిరిజన అభ్యర్థులే గెలుచుకొనగా, రెండవది సామాన్య స్థానమను వాదముతో గిరి న్యాయస్థానము నాశ్రయించెను. సుప్రీంకోర్టు 1959లో ఆ వాదమును త్రోసిపుచ్చెను. పిదప ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రములకు గవర్నరుగా నియుక్తుడై, 1967లో ఉపరాష్ట్రపతిగా ఎన్నికయ్యెను.

1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ మరణింపగా తాత్కాలిక రాష్ట్రపతియై, జూలై 19న పదునాలుగు బ్యాంకులను జాతీయము చేసిన ఆర్డినెన్సుపై సంతకము చేసి, మరునాడే రాజీనామా నిచ్చి స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికల రంగమున దిగెను. పదునైదేండ్లనాడు బ్యాంకుల వ్యవహారముననే మంత్రిపదవి వదలినవాని చేతిమీదుగా ఇది జరుగుట విశేషము. ప్రత్యర్థి నీలం సంజీవరెడ్డియు తెలుగువాడే. ద్వితీయ ప్రాధాన్యపు వోట్లు లెక్కింపవలసివచ్చిన ఆ పోటీలో గిరి గెలుపొందెను. ఎన్నికపై దాఖలైన వ్యాజ్యమున స్వయముగా సుప్రీంకోర్టుకు వచ్చి సాక్ష్యమిచ్చెను.

పదవీకాలము ముగియుటకు మూడు నెలలముందు, 1974 మే 8న, జార్జి ఫెర్నాండెజ్ అధ్యక్షతనున్న రైల్వేమెన్ సమాఖ్య దేశవ్యాప్తముగా సమ్మె ప్రారంభించెను. వేలాది కార్మికులు నిర్బంధింపబడిరి. మే 27న సమ్మె విరమింపబడెను. గిరి పెంచిన సమాఖ్య పోరాటమునకు దిగిన ఆ దినములలో, మంత్రిమండలి సలహాకు బద్ధుడైన రాష్ట్రపతిగా గిరి ఢిల్లీయందే యుండెను. సామూహిక సంప్రదింపులే పరిష్కారమని ఈయన చిరకాలము బోధించిన సిద్ధాంతమునకు ప్రభుత్వముచేత నింతటి తిరస్కారము మరెన్నడును జరుగలేదు.

1975లో భారతరత్న బిరుదము లభించెను. 1976లో స్వీయచరిత్ర వెలువడెను. భారత పరిశ్రమలందలి కార్మిక సమస్యలపై ఈయన రచించిన గ్రంథములు ఆంగ్లమున కలవు. 1980 జూన్ 24న మద్రాసులో మరణించెను. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఈయన పేరు పెట్టిరి.