ఇంగ్లీషు తొలి పాఠము – శ్రీశైలపు దారి

1830వ సంవత్సరము మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు అహోబిలము, మహానంది సేవించి, నల్లమల అడవిగుండా శ్రీశైలము చేరిరి. వారు చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీ; ఇంగ్లీషే వారి జీవనోపాధి. అయినను దారిలో చూచిన విశేషములను తెలుగున మిత్రునికి జాబులుగా వ్రాసిరి. రెండు భాషలును వారియందు కలహింపక కాపురము చేసినవి.

మరి బడిలో ఆ పొత్తు ఏల కుదరదు? ఈ ప్రశ్న నేటిది కాదు. ఆ చెన్నపట్టణమునందే సదర్ అదాలతులో అనువాదకులుగా నుండిన వెన్నెలకంటి సుబ్బారావుగారు 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీవారికి ఒక నివేదిక సమర్పించిరి. పిల్లలు అర్థము గ్రహింపకయే పాఠములు వల్లె వేయుచున్నారనియు, సులభమైన వచన కథలు, తేలికైన వ్యాకరణము కావలెననియు అందలి సారాంశము.

తరువాత ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో పాఠశాలల తనిఖీ అధికారి జె.ఏ.యేట్సుదొర, పి.టి.శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు వారలు భాషను నోటినుండి నేర్పవలెనని వాదించిరి. గిడుగువారు సవరభాషను పుస్తకమునుండి నేర్వలేదు. సవరల నోటనే విని నేర్చిరి. వస్తువు ముందు, మాట వెనుక, అక్షరము ఆ వెనుక. వారి తగవు తెలుగుబోధనను గూర్చినదే యైనను ఇంగ్లీషునకును ఈ సూత్రము వర్తించును.

ఇక శ్రీశైలమునకు మరలుదము. 1963లో శంకుస్థాపన జరిగిన జలాశయము వెంట సున్నిపెంట కాలనీ వెలసినది. అచ్చటి బడిపిల్లవానికి డ్యాము, గేటు, కరెంటు, బస్సు, టిక్కెట్టు అను మాటలు బడికి రాకమునుపే వచ్చును. కాని పుస్తకము ఎన్నడును చూడని ఆపిలుపండుతో మొదలగును. తనకు తెలిసినదేదియు పనికిరాదని ఆ పసివాడు తొలినాడే నిశ్చయించుకొనును. భయము అచ్చట పుట్టును.

కావున మేము కోరునది ఇది. బల్లలను బస్సుగా పేర్చుడు. ఒక బాలిక కండక్టరు. ‘వేర్ టు?’ అని ఆమె అడుగును. ‘టు దోర్నాల’ అని ఒకరు, ‘టు ఆత్మకూరు’ అని మరియొకరు, ‘టు నంద్యాల, టూ టిక్కెట్స్’ అని ఇంకొకరు. తప్పు పలికిన నవ్వరాదు. కండక్టరు సరియైన మాటను తిరిగి పలికి టిక్కెట్టు చింపి యిచ్చును. నలువదిమంది దిగునప్పటికి ఒకే వాక్యము నలువది మారులు వినబడును. చెంచుపిల్లవాడు తన గూడెము పేరు చెప్పినను బస్సు అచ్చట ఆగును.

ఇదియు వల్లెవేతయే గదా యని కొందరందురు. నిజమే. పెద్దలు వల్లెను నిందించలేదు, అర్థములేని వల్లెను నిందించిరి. ఆటలో పునశ్చరణము శ్రమగా తోచదు. అర్థము వెంటనే యుండును. తన ఊరిపేరు నోట పలుకుచు పరభాషలో అడుగిడిన బాలుడు ఆ ఊరిని మరువనక్కరలేదు. వీరాస్వామయ్యగారు నడచిన దారియు ఇదియే.