పుకారు పుట్టని ఊరు

'ట్రాన్స్‌ఫర్' అనే మాట తెలుగువాడి చెవిన పడితే ముందుగా గుర్తొచ్చేది ఫుట్‌బాల్ కాదు. బదిలీ ఉత్తర్వు, సామాన్లు కట్టిన లారీ, పిల్లల టీసీలు. కలకత్తాలో అలా కాదు. ఆటగాడు ఒక క్లబ్బు విడిచి మరో క్లబ్బుకు పోవడాన్ని అక్కడ 'దొల్‌బొదొల్' అంటారు. ఎమ్మెల్యే పార్టీ మారినా అదే మాట. మనం గోడ దూకడం అంటామే, అది. ఒక ఊళ్లో ఆ మాటకు ఆఫీసు వాసన, ఇంకో ఊళ్లో ద్రోహం వాసన. హైదరాబాద్ ఫుట్‌బాల్ ఎందుకు ఆరిపోయిందో, కలకత్తా ఫుట్‌బాల్ ఎన్ని తప్పులు చేసినా ఎందుకు బతికి ఉందో ఈ తేడాలో కొంత దొరుకుతుందని నా అనుమానం.

ఈ విషయంలో చలామణీలో ఉన్న కథలు రెండు. ఫలానా ఆటగాడు మన క్లబ్బుకు వస్తున్నాడట, ఫలానావాణ్ని అమ్మేస్తున్నారట అని అభిమానులు పొద్దస్తమానం వాదించుకోవడం, ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ టీవీలోకీ ఫోన్ చేతిలోకీ వచ్చాక మనకు అంటుకున్న జబ్బు అన్నది మొదటిది. మన కుర్రాళ్లను కలకత్తా క్లబ్బులు డబ్బు చూపించి ఎత్తుకుపోయాయి కాబట్టే హైదరాబాద్‌లో ఆట చచ్చిపోయింది అన్నది రెండోది. మొదటిది తప్పు. రెండోది సగం నిజం. పూర్తి అబద్ధమైతే కొట్టిపారేయవచ్చు, సగం నిజాన్ని విప్పి చూడాల్సిందే.

తొలి ఘట్టాలు అందరికీ తెలిసినవే. 1889లో మోహన్ బగాన్ పుట్టింది. 1911 జులై 29న ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచింది. 1920లో ఈస్ట్ బెంగాల్ పుట్టుకకు కారణం ఒక ఎంపిక తగాదా. మోహన్ బగాన్‌తో మ్యాచ్‌కు జోరాబగాన్ జట్టు శైలేశ్ బోస్‌ను పక్కన పెట్టింది. ఆ కోపంతో బయటికి వచ్చినవాళ్లు పెట్టుకున్న క్లబ్బు అది. జట్టులో ఎవరుండాలన్న వాదనలోంచే ఒక క్లబ్బు పుట్టిందన్నమాట. 1934 నుంచి 1938 దాకా మహమ్మదన్ స్పోర్టింగ్ వరుసగా అయిదు సార్లు కలకత్తా లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టు బలంలో చాలా భాగం బెంగాల్ బయటి నుంచి తెచ్చుకున్నదే. బయటివాణ్ని తెచ్చి గెలవచ్చన్న పాఠం నగరానికి అప్పుడే అందింది.

ఆ పాఠాన్ని కళగా మార్చినవాడు ఈస్ట్ బెంగాల్ కార్యదర్శి జ్యోతిష్ చంద్ర గుహ. వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఈ అయిదుగురు ఫార్వర్డ్‌లనూ దక్షిణాది నుంచి తెచ్చిపెట్టుకున్నారు. జనం వాళ్లకు పెట్టిన పేరు పంచపాండవులు. 1949లో క్లబ్బు లీగ్, షీల్డ్, రోవర్స్ కప్ మూడూ గెలిచింది. షీల్డ్‌ను 1950, 1951లో కూడా నిలబెట్టుకుంది. తూర్పు బెంగాల్ నుంచి సర్వం పోగొట్టుకుని వచ్చిన శరణార్థులు తమ పరువును మోసే క్లబ్బుగా భావించిన జట్టు అది. దాని దాడిని నడిపిందేమో బెంగాలీ రాని అయిదుగురు. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. రేపు ఇంకెవరిని తేవాలన్న దాని మీదే ఆరాటమంతా.

ఆ ఆరాటం సాగిన చోటు 'రోయాక్'. అంటే వీధి వాకిలి ముందు మన అరుగే. దొల్‌బొదొల్ రోజుల్లో అరుగుల మీద కూర్చున్నవాళ్లు కోచ్‌లుగా, కార్యదర్శులుగా మారిపోయేవాళ్లు. సంతకం పెట్టాల్సింది సూటర్‌కిన్ స్ట్రీట్‌లోని ఐఎఫ్ఏ కార్యాలయంలో. దాని ముందు గుంపులు పోగయ్యేవి. ఆటగాడు సంతకం పెట్టేదాకా ఎదుటి క్లబ్బు మనుషుల కంటపడకుండా దాచిపెట్టడం, ఎదుటివాళ్లు ఎత్తుకుపోవడం ఆ నగరపు జానపదంలో భాగమైపోయాయి. అవిశ్వాస తీర్మానం ముందు ఎమ్మెల్యేలను రిసార్టుల్లో దాచడం మనకు తెలిసిన విద్యే కాబట్టి దీన్ని ఊహించడం కష్టం కాదు. ఇదంతా ఫోన్ లేని రోజుల సంగతి. పుకారుకు యంత్రం అక్కర్లేదు. తెలుగులోనైతే దానికి ఒక అక్షరం చాలు: 'ట'. వస్తాడట, పోతాడట.

ఇప్పుడు అసలు వివాదానికి వద్దాం. కలకత్తా మనల్ని దోచిందన్న కథకు సాక్ష్యంగా చూపించే పేర్లు బరువైనవి. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా పెరూ మీదా గోల్స్ కొట్టిన బలరామ్ అతనే. 1966లో హబీబ్, నయీముద్దీన్, అఫ్జల్ ఒక్క ఏడాదిలోనే ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. తరవాత హబీబ్ తమ్ముడు అక్బర్, విక్టర్ అమల్‌రాజ్, ఇంకా ఎందరో. జాబితా చదివితే దోపిడీ లాగే కనిపిస్తుంది.

కాని పక్కన ట్రోఫీల జాబితా పెట్టి చూడండి. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదు రోవర్స్ కప్పులు గెలిచింది. ఇది అందరూ చెప్పేదే. ఎవరూ చెప్పనిది తరవాతి సంగతి. బలరామ్ వెళ్లిన 1957లోనే సిటీ పోలీస్ రోవర్స్‌నూ డ్యూరాండ్‌నూ గెలిచింది. 1960 రోవర్స్ ఆంధ్రప్రదేశ్ పోలీస్‌ది. 1961లో అది సికింద్రాబాద్ ఈఎమ్ఈ సెంటర్ చేతికి వచ్చింది, డ్యూరాండ్ పోలీస్‌కు దక్కింది. 1962 రోవర్స్‌ను పోలీస్, ఈస్ట్ బెంగాల్ పంచుకున్నాయి. 1963 రోవర్స్ మళ్లీ పోలీస్‌దే. అంటే కలకత్తా చేయి మన కొమ్మ మీద పడ్డ ఏడేళ్లలో అయిదు రోవర్స్ కప్పుల్లో జంటనగరాల జట్టు పేరుంది. సంతోష్ ట్రోఫీ 1956-57, 1957-58 రెండు సార్లూ హైదరాబాద్‌దే. 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. కాయలు కోసుకుపోతున్నా చెట్టు కాస్తూనే ఉంది. కోయడం వల్లే చెట్టు చచ్చిందనడం ఈ లెక్కకు నిలవదు.

ఎదుటి పక్షం మాటా వినాలి. 1966 వలస అంతకు ముందరి వాటిలాంటిది కాదు. ఎదిగివచ్చిన ఒక తరం వరసగా తరలిపోయింది. ఆ తరవాత సంతోష్ ట్రోఫీ తెలుగు నేలకు రాలేదు. ఈ రెండింటికీ సంబంధం లేదని నేననను. అయితే 1957లో పూడిన ఖాళీ 1967లో ఎందుకు పూడలేదు? ఇక్కడే దోపిడీ కథ మూగబోతుంది.

రహీం సాబ్ 1963 జూన్‌లో కన్నుమూశారు. ఆయన బడిపంతులు. కుర్రాళ్లను పట్టి ఆట నేర్పడం, పోలీసు జట్టులోకి తేవడం, భారత జట్టుదాకా నడపడం ఒకే మనిషి చేతి మీదుగా జరిగింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం ఆయన శిక్షణ ఫలాలే. ఆయన పోయాక ఆ పనిని ఒక సంస్థ అందుకోలేదు. కారణం ఒక్క మనిషి మరణమే అంటే అది కూడా బద్ధకపు సమాధానమే అవుతుంది. మనిషి పోతే ఆ పని ఎందుకు ఆగిపోయిందన్నది కదా అడగాల్సింది.

నాకు తోచే జవాబు ఇది. మన గొప్ప జట్లన్నీ శాఖల జట్లు. పోలీసు శాఖ, సైనిక విభాగం. అక్కడ ఆటగాణ్ని తెచ్చుకోవడం ఉద్యోగ నియామకం. ఉద్యోగానికున్న బలాన్ని తక్కువ చేసి చూడకూడదు. యూసుఫ్ ఖాన్, నూర్ మహమ్మద్ లాంటివాళ్లు పోలీసు జట్టులోనే నిలిచారంటే ఆ నెల జీతపు భరోసా చిన్నది కాదు. కలకత్తాలో కూడా పీకే బెనర్జీ మూడు పెద్ద క్లబ్బులనూ కాదని ఈస్టర్న్ రైల్వేలో ఉండిపోయాడు. 1958లో ఆ రైల్వే జట్టే లీగ్ గెలిచింది. ఉద్యోగం వద్దని ఆటనే వృత్తిగా పెట్టుకున్న హబీబ్‌ను దేశపు తొలి అసలైన ప్రొఫెషనల్ అని నేటికీ వింతగా చెప్పుకుంటున్నామంటే, మిగతావాళ్లందరికీ ఉద్యోగమే మొదటి మాట అని అర్థం.

కాని శాఖ జట్టుకు ఒక లోపం ఉంది. దాని నియామకాల మీద పుకారు పుట్టదు. పోలీసు జట్టు వచ్చే ఏడాది ఎవరిని చేర్చుకోవాలో నిర్ణయించడంలో ఫతే మైదాన్‌లో కేకలు వేసిన జనానికి పాత్ర లేదు. సభ్యత్వం లేదు, ఓటు లేదు, సర్వసభ్య సమావేశం లేదు. జట్టును చూసి గర్వపడే హక్కు ఉంది, నిలదీసే హక్కు లేదు. అందుకే శాఖకు ఆసక్తి సన్నగిల్లినప్పుడు ఎవరూ తలుపు తట్టలేదు. హబీబ్ వెళ్లాడు సరే, ఆ చోట ఎవరిని తెస్తున్నారని ఈ ఊరు ఏ కార్యదర్శి కాలరూ పట్టుకోలేదు. పట్టుకోవడానికి కార్యదర్శి అనేవాడుంటే కదా!

కలకత్తాలో ఉన్నాడు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ సభ్యుల క్లబ్బులు. కార్యవర్గం ఎన్నికల్లో గెలవాలి. గేటు బయట అరిచే జనంలో సభ్యులు కొందరే అయినా, ఆ అరుపు ఎన్నికల దాకా వినిపించేది. 1980లో ఈస్ట్ బెంగాల్ జట్టు దాదాపుగా ఖాళీ అయిపోయింది. ఆ ఏడాదే క్లబ్బు అలీగఢ్‌లో చదువుకుంటున్న ఇరాన్ కుర్రాళ్లు మజీద్ బిష్కర్, జంషీద్ నసీరీలను తెచ్చింది, హబీబ్‌ను వెనక్కి పిలిచింది. ఖాళీని అలాగే వదిలేసి మర్నాడు మైదాన్‌లో తలెత్తుకు తిరగగల కార్యదర్శి ఆ నగరంలో లేడు. హబీబ్ మూడు క్లబ్బుల మధ్యా ఎన్నిసార్లు అటూ ఇటూ మారినా, మారిన ప్రతిసారీ తిట్టు తిన్నా, మళ్లీ నెత్తిన పెట్టుకున్నదీ ఆ జనమే. అరుగు మీది వాదనను నేను కాలక్షేపంగా చూడలేను. లెక్కల పుస్తకం లేని ఆడిట్ అది.

దాన్ని మరీ ఆకాశానికెత్తడమూ సరికాదు. ఆ ఆడిట్‌కు ఓపిక తక్కువ. ఈ ఏడాది గోల్ కొట్టేవాడు కావాలి అంతే. పదేళ్ల తరవాతి కోసం పిల్లలకు ఆట నేర్పమని ఏ అరుగూ గట్టిగా అడగలేదు. హైదరాబాద్ లాంటి ఊళ్లు పెంచితే కోసుకోవడానికి అలవాటు పడ్డ నగరానికి, ఆ ఊళ్లు ఎండిపోయాక నొప్పి తెలిసింది.

ఇక నేటి సంగతి. 2014లో ఇండియన్ సూపర్ లీగ్ వచ్చాక పుకారు పదింతలైంది, దాని పలుకుబడి పదో వంతైంది. ఏజెంట్ ఉదయం వదిలిన వార్తకు అభిమాని సాయంత్రందాకా కాపలా కాస్తాడు. 2024లో డిఫెండర్ అన్వర్ అలీ మోహన్ బగాన్‌ను వదిలి ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లినప్పుడు, ఆటగాళ్ల హోదా కమిటీ 12.90 కోట్ల రూపాయల పరిహారం చెల్లించమంది, వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకెక్కింది. సూటర్‌కిన్ స్ట్రీట్ గుంపుకు ఆ వ్యవహారంలో చోటు లేదు. అయినా ఆ జనం పూర్తిగా చేతులెత్తేయలేదు. 2020లో తమ క్లబ్బు పేరు ముందు అతికించిన 'ఏటీకే'ను మోహన్ బగాన్ అభిమానులు పోరాడి 2023లో తీయించుకున్నారు. పాత అరుగు బలం ఇంకా అడుగంటలేదనడానికి అదొక్కటే నాకు కనిపించే గుర్తు.

హైదరాబాద్‌కు మాత్రం ఆ అరుగు ఏనాడూ లేదు. 2019లో పుణె జట్టు స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి లీగ్ కప్పు ఎత్తింది. ఈ ఊళ్లో మొదటిసారిగా కుర్రాళ్లు ఎవరిని కొనాలి, ఎవరిని వదలాలి అని రాత్రిళ్లు వాదించుకున్నారు. ఆ 'ట' చివరికి మన ఊరికీ వచ్చిందని సంబరపడ్డవాళ్లలో నేనూ ఒకణ్ని. తరవాత జీతాల బకాయిలు, ఫిఫా నిషేధం, ఆటగాళ్ల వలస. అభిమానులు అడగని ప్రశ్న లేదు. జవాబు చెప్పాల్సిన బాధ్యత మాత్రం ఎవరికీ లేదు. శాఖ జట్టు రోజుల్లో లేని హక్కు ఫ్రాంచైజీ రోజుల్లోనూ రాలేదు. తిట్టుకునే స్వేచ్ఛ ఒక్కటే కొత్తగా వచ్చింది.

2025లో ఆ ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలిపోయింది. ఏ ఆటగాడు వస్తాడు, ఎవడు పోతాడని ఇక్కడివాళ్లు వాదించుకుంటూ ఉండగానే క్లబ్బుకే ట్రాన్స్‌ఫర్ అయింది. గోడ దూకిందని తిట్టడానికి కూడా మనసొప్పదు. గోడ కట్టుకున్నదెప్పుడు గనక? ఉత్తర్వు వచ్చింది, సామాన్లు కట్టారు, లారీ కదిలింది.