వర్చువల్ హోస్టింగు

ఒకే సర్వరుపై వేర్వేరు పేర్లతో అనేక వెబ్‌సైట్లను నడిపే పద్ధతిని '''వర్చువల్ హోస్టింగు''' అంటారు.

== పనిచేయు విధానం ==

తొలినాళ్ళలో సాధారణంగా ప్రతి సైటుకూ ప్రత్యేక ఐపీ చిరునామా అవసరమయ్యేది. 1997లో వెలువడిన హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణం, బ్రౌజరు పంపే ప్రతి అభ్యర్థనలోనూ సైటు పేరు ఉండాలని నిర్దేశించింది. ముందు వరుసలోని అపాచీ లేదా ఎంజిన్‌ఎక్స్ సర్వరు ఆ పేరును బట్టి అభ్యర్థనను సంబంధిత అప్లికేషనుకు, దాని పోర్టు ద్వారా అందజేస్తుంది.

== ఉదాహరణ ==

కృష్ణా జిల్లాలోని కూచిపూడి గురించి తెలుగు వికీపీడియాలో వెతికినా, తెలుగు విక్షనరీలో వెతికినా ఆ అభ్యర్థన వికీమీడియా ఉమ్మడి సర్వర్లకే చేరుతుంది. మీడియావికీ సాఫ్టువేరు రెండింటికీ ఒకటే. డేటాబేసులు మాత్రం వేరు.

== లాభనష్టాలు ==

ఖర్చు, ఐపీ చిరునామాలు ఆదా అవుతాయి. అప్లికేషన్లను విడివిడిగా నడిపితే, ఒకటి ఆగినా మిగిలినవి పనిచేస్తాయి. అయితే ఒకటి మెమరీని అధికంగా వాడుకుంటే అన్నీ నెమ్మదిస్తాయి. సర్వరే ఆగితే అన్నీ ఆగిపోతాయి.