వెనక బండికి బ్రేకు వేసే పెట్టె

లాగే బండికి ఉన్న బ్రేకులు దాని బరువుకి తగ్గట్టు చేసినవి. దానికి వెనక ఇంకో మూడు టన్నులు తగిలిస్తే అవే బ్రేకులు రెండు బళ్ల పని చెయ్యాలి. చదును రోడ్డు మీద ఎలాగో నెట్టుకొస్తాయి. దిగుడు రోడ్డులో, అందులోనూ మలుపులో, ముందు బండి నెమ్మదించగానే వెనక బండి దాన్ని నెట్టడం మొదలుపెడుతుంది. ఆ నెట్టుడు కాస్త పక్కవాటుగా తగిలిందంటే రెండు బళ్లూ కొక్కెం దగ్గర మడతపడి రోడ్డుకి అడ్డం తిరుగుతాయి. అందుకే అమెరికాలో చాలా రాష్ట్రాలు 3,000 పౌండ్లు, అంటే సుమారు 1,360 కిలోలు దాటిన ట్రెయిలర్‌కి సొంత బ్రేకులు ఉండి తీరాలంటాయి. మనవాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ టెక్సస్‌లో ఆ హద్దు 4,500 పౌండ్లు. డాలస్‌లో ఉన్న తెలుగు కుటుంబం సెలవుల్లో పిల్లలతో తిరగడానికి క్యాంపింగ్ ట్రెయిలర్ కొనబోతే, ముందుగా ఎదురయ్యే ప్రశ్నల్లో ఒకటి "మీ ట్రక్కులో బ్రేక్ కంట్రోలర్ ఉందా?" అన్నది.

ఆ కంట్రోలర్ డ్రైవరు మోకాలి దగ్గర డ్యాష్‌బోర్డు కింద బిగించే చిన్న పెట్టె. పెడల్ తొక్కగానే ట్రెయిలర్ చక్రాల్లోని బ్రేకులకి కరెంటు పంపడం దాని పని. చిక్కంతా ఎంత పంపాలన్న దగ్గరే. సిగ్నల్ దగ్గర మెల్లగా ఆగుతున్నారా, అడ్డం వచ్చిన జింకని తప్పించడానికి పెడల్‌ని నేలకి తొక్కేశారా అన్నది ఈ పెట్టెకి ఎలా తెలియాలి? దాదాపు నూరేళ్ల దీని చరిత్రంతా ఆ ఒక్క ప్రశ్నకి దొరికిన జవాబుల చరిత్రే. ఇవాళ ఏ పెట్టె కొనాలో తేల్చుకోవడానికి కూడా నా దృష్టిలో అంతకన్నా మంచి కొలబద్ద లేదు.

వెనక బళ్లకి బ్రేకులెయ్యడం మోటారు కార్లకన్నా పాత సమస్య. రైలు పెట్టెల కోసం జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లోనే గాలి బ్రేకు కనిపెట్టాడు. డెట్రాయిట్ కమ్మరి ఆగస్ట్ ఫ్రూహాఫ్ 1914లో ఒక కలప వ్యాపారి పడవని ఫోర్డ్ మోడల్ టీ వెనక లాగించడానికి ట్రెయిలర్ చేసిచ్చాడు. ఆ తర్వాత పెరిగిన భారీ లారీలు రైళ్ల దారినే గాలి బ్రేకులకి వెళ్లాయి. మామూలు కారుకి ఆ దారి లేదు. దానికి గాలి కుదించే కంప్రెసర్ ఎక్కడిది? ఉన్నదల్లా బ్యాటరీ. ఆ బ్యాటరీతోనే పని జరిపించవచ్చని చూపించినవాడు విస్కాన్సిన్ రాష్ట్రంలోని బెలాయిట్ ఊరివాడు, ఆర్థర్ వార్నర్.

ఈ వార్నర్ గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకి వెళ్లలేను. సోదరుడు చార్లెస్‌తో కలిసి ముందు లేతు యంత్రాల వేగం కొలిచే పరికరం చేశాడు, దాన్నే మార్చి కార్లకి స్పీడోమీటర్‌గా అమ్మాడు. తిరిగే అయస్కాంతం తనకి తగలకుండా ఉన్న లోహపు చక్రాన్ని తన వెంట లాక్కుపోతుందన్నదే ఆ పరికరంలోని సూత్రం. స్టీవర్ట్-వార్నర్ కంపెనీ పేరులో ఉన్న వార్నర్ ఆ వ్యాపారం నుంచి వచ్చిందే. 1909లో కర్టిస్ విమానం కొని, నవంబరు 4న విస్కాన్సిన్ గడ్డ మీద మొట్టమొదటిగా ఎగిరినవాడు కూడా ఈయనే. తర్వాత ట్రెయిలర్ల తయారీలోకి దిగాడు. వాటిని ఆపడం ఎలాగన్న ప్రశ్న ఎదురైనప్పుడు, వేగాన్ని కొలవడానికి పనికొచ్చిన అయస్కాంతాన్నే వేగాన్ని ఆపడానికి వాడాడు. 1927లో వార్నర్ ఎలక్ట్రిక్ బ్రేక్ కంపెనీ పుట్టింది.

ఆ ఉపాయం ఎంత గట్టిదంటే ఇవాళ్టి ట్రెయిలర్ డ్రమ్ము విప్పి చూసినా లోపల కనిపించేది అదే. కోడిగుడ్డు ఆకారంలో, అరచేతిలో పట్టే విద్యుదయస్కాంతం ఒక లివరు చివర వేలాడుతుంటుంది. వెనకున్న స్ప్రింగు దాన్ని డ్రమ్ములోపలి నునుపైన ముఖానికి ఆనించి ఉంచుతుంది. కరెంటు రాగానే అయస్కాంతం తిరుగుతున్న డ్రమ్ముని కరుచుకుంటుంది, డ్రమ్ముతో పాటు కొద్దిగా ముందుకి ఈడ్చుకుపోతుంది. ఆ కదలికకి లివరు తిరిగి బ్రేక్ షూలని డ్రమ్ముకేసి నొక్కుతుంది. అంటే షూలని నొక్కే బలం బ్యాటరీది కాదు, తిరుగుతున్న చక్రానిదే. బ్యాటరీ చేసేదల్లా పట్టు అందివ్వడం. అందుకే సాధారణ సైజు బ్రేకులో ఒక్కో అయస్కాంతానికి 3 ఆంపియర్ల కరెంటు సరిపోతుంది. రెండు ఇరుసుల ట్రెయిలర్‌లో నాలుగు చక్రాలకీ కలిపి 12 ఆంపియర్లు. అయస్కాంతం పనిచేస్తోందా లేదా చూడాలంటే మామూలు దిక్సూచిని చక్రం దగ్గర పెట్టి, కంట్రోలర్ మీట నొక్కమంటే చాలు, ముల్లు తిరుగుతుంది.

తొలినాటి కంట్రోలర్‌కి తెలివితేటల అవసరమే లేదు, ఎందుకంటే అది డ్రైవరు చేతిలో ఉండేది. స్టీరింగ్ కాడకి బిగించిన మీట, లోపల నిరోధపు తీగ చుట్ట. మీట ఎంత లాగితే అంత కరెంటు. 1930లలో అమెరికా రోడ్ల మీదకి వచ్చిన ఇళ్లబళ్ల వెనక ఈ పద్ధతే నడిచింది. కాలితో ముందు బండికీ చేత్తో వెనక బండికీ వేరువేరుగా బ్రేకులెయ్యాలి. అలవాటైనవాడికి అది హాయే. కంగారులో మాత్రం చెయ్యి స్టీరింగ్‌నే పట్టుకుంటుంది, మీట గుర్తుకే రాదు.

అందుకని పెడల్‌నే అడిగే పద్ధతి వచ్చింది. కెల్సీ-హేస్ వంటి కంపెనీల కంట్రోలర్లు బండి మాస్టర్ సిలిండర్ నుంచి సన్నని గొట్టం తీసుకుని, బ్రేక్ ఆయిల్ ఒత్తిడినే తమలోకి రప్పించుకునేవి. ఒత్తిడి పెరిగేకొద్దీ లోపలి ముల్లు నిరోధపు చుట్ట మీద జరుగుతూ ఎక్కువ కరెంటు వదిలేది. తేలికపాటి ట్రెయిలర్ల కోసం బానెట్ కింద అదనంగా మరో నిరోధకం బిగించేవారు. కాలు చెప్పిన మాట ఉన్నదున్నట్టు వెనక చక్రాలకి చేరడం ఇందులోని గొప్ప. ఆయిల్ లైను కొయ్యాల్సి రావడం దీని లోపం. అతుకు దగ్గర కారిందంటే ముందు బండి బ్రేకులే పోతాయి. ఆ పైన చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ వచ్చింది. 1987లో ఫోర్డ్ ఎఫ్ వరస పికప్‌లకి వెనక చక్రాల ఏబీఎస్ పెట్టింది, మిగతావాళ్లూ వెంటనే అందుకున్నారు. ఏబీఎస్ ఉన్న లైనులోంచి ఆయిల్ పక్కకి మళ్లించొద్దని తయారీదారులు గట్టిగా హెచ్చరించడంతో ఆ తరం కంట్రోలర్ల కాలం ముగిసింది.

వాటి స్థానంలో వచ్చినవి టైమర్ కంట్రోలర్లు. పెడల్ బలంతో వీటికి సంబంధం లేదు. బ్రేక్ లైటు వెలిగిందా లేదా అన్నదొక్కటే చూస్తాయి. వెలగగానే కరెంటు సున్నా నుంచి మొదలై, మనం ముందే పెట్టిన వేగంతో మనం పెట్టిన గరిష్ఠం దాకా ఎక్కుతుంది. మెల్లగా తొక్కినా గట్టిగా తొక్కినా అదే వరస. మెత్తగా ఆగబోతే ట్రెయిలర్ వెనక్కి గుంజుతుంది, అత్యవసరంలో అది అందుకునేలోపు ముందు బండి నెట్టుడు తినేస్తుంది. వైరింగు సులువు, ధర తక్కువ, ఏ మూలనైనా బిగించుకోవచ్చు. అందుకే బాగా అమ్ముడుపోయాయి, ఇప్పటికీ దొరుకుతున్నాయి. అసలు ప్రశ్నకి జవాబు చెప్పకుండా తప్పించుకున్న పరికరాలని నేను వీటినే అంటాను. చదును నేలలో చిన్న ట్రెయిలర్ లాగేవాళ్లకి పర్వాలేదు, కొండలెక్కే వాళ్లకి మాత్రం వద్దని చెబుతాను.

మిషిగన్ రాష్ట్రంలోని టెకాన్షా అనే చిన్న ఊరి పేరుతో నడిచిన కంపెనీ ప్రాచుర్యంలోకి తెచ్చిన దారి వేరు. పెడల్ ఎంత నొక్కారో తెలియకపోతేనేం, బండి ఎంత చురుగ్గా నెమ్మదిస్తోందో తెలుసుకోవచ్చు కదా. బస్సు డ్రైవరు సడెన్ బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్లు ముందుకి తూలినట్టు, వాయేజర్ మోడల్ కంట్రోలర్‌లో చిన్న లోలకం ముందుకి ఊగుతుంది. ఎంత ఊగితే ట్రెయిలర్‌కి అంత కరెంటు. కాకపోతే లోలకానికి వాలు తెలియదు. పెట్టెని అడ్డదిడ్డంగా బిగిస్తే లెక్క తప్పుతుంది, దిగుడులో ఎక్కువగా, ఎక్కుడులో తక్కువగా పట్టుకుంటుంది. తర్వాత అదే కంపెనీ ప్రాడిజీ మోడల్‌లో లోలకం బదులు సెన్సరు తెచ్చింది. అది బిగించిన కోణాన్ని తనే సర్దుకుంటుంది, రివర్సులో కూడా సరిగ్గా పనిచేస్తుంది. ట్రక్కుతో పాటు కంట్రోలర్ రానివాళ్లు విడిగా కొనాల్సి వస్తే ఈ జాతి పెట్టెకే నా ఓటు.

కొన్నంతలో పని అయిపోదు. మంచి పెట్టెకి చెడ్డ వైరింగు చేస్తే టైమర్ పెట్టెకన్నా అన్యాయంగా పనిచేస్తుంది. పెట్టె వెనక నాలుగు వైర్లుంటాయి. నల్లది బ్యాటరీ పాజిటివ్‌కి, తెల్లది నెగెటివ్‌కి, ఎర్రది బ్రేక్ లైటు స్విచ్చికి, నీలంది ట్రెయిలర్ బ్రేకులకి. నల్ల వైరుని డ్యాష్‌బోర్డు కింద దొరికిన ఏదో ఒక ఫ్యూజులోంచి లాగేవాళ్లున్నారు, అది పనికిరాదు. బ్యాటరీ దాకా నేరుగా వెళ్లాలి, మధ్యలో ఒకటి రెండు ఇరుసుల ట్రెయిలర్‌కైతే 20, మూడు నాలుగు ఇరుసులకైతే 30 ఆంపియర్ల బ్రేకరు ఉండాలి. ఎర్ర వైరుని పెడల్ పైనున్న స్విచ్చిలో, పెడల్ తొక్కినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే వైపు కలపాలి. రెండోవైపు కలిపితే కంట్రోలర్ ఎప్పుడూ బ్రేకు పడిందనే అనుకుంటుంది. వైరు సన్నదైనా, ట్రెయిలర్ కింద ఎర్త్ బోల్టు తుప్పు పట్టినా అయస్కాంతానికి చేరాల్సిన వోల్టేజీ దారిలోనే తరిగిపోతుంది. బ్రేకులు బలహీనంగా ఉన్నాయని పెట్టె మార్చేముందు ఆ బోల్టు విప్పి గీకి మళ్లీ బిగించి చూడటం మంచిది.

ఆ తర్వాత గెయిన్, అంటే పెట్టె ట్రెయిలర్ బ్రేకులకి పంపే కరెంటు హద్దు, సరిచూడాలి. బళ్లు లేని పొడి రోడ్డు మీద, బ్రేకులు కాస్త వేడెక్కాక, గంటకి 40 కిలోమీటర్ల వేగంలో పెడల్ జోలికి పోకుండా పెట్టె మీద చేతి మీటనే పూర్తిగా నొక్కాలి. చక్రాలు బిగుసుకుని జారుతున్నాయంటే గెయిన్ కాస్త తగ్గించాలి, బండి ఊరికే నెమ్మదిస్తుంటే పెంచాలి. బిగుసుకోవడానికి వెంట్రుకవాసి ముందున్న స్థానమే సరైనది. ట్రెయిలర్‌లో సామాను ఎక్కించినా దించినా మళ్లీ చూసుకోవాలి.

ఆ చేతి మీట కంట్రోలర్‌లో వార్నర్ కాలం నుంచీ పోకుండా ఉన్న ఒకే ఒక్క భాగం, పోకూడదు కూడా. పక్కగాలికో, పెద్ద లారీ దాటిపోయినప్పుడో ట్రెయిలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడితే ముందు బండి పెడల్ తొక్కడం ప్రమాదం, ట్రెయిలర్ నెట్టి ఊపు ఇంకా పెంచుతుంది. ఆక్సిలేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ నిలకడగా పట్టుకుని, చేతి మీటతో ట్రెయిలర్‌కి మాత్రమే బ్రేకు వేస్తే వెనక బండి వెనక్కి గుంజుకుని మళ్లీ వరసలోకి వస్తుంది. ట్రెయిలర్ లాగేవాళ్లందరూ ఆ మీట ఎక్కడుందో చూడకుండా చెయ్యి వెయ్యడం నేర్చుకుని తీరాలి.

మీటకి తోడు ఇంకో రక్షణ కూడా చట్టంలోకి ఎక్కింది. కొక్కెం ఊడి ట్రెయిలర్ విడిపోతే దాని మీదున్న చిన్న బ్యాటరీ తనంతట తనే బ్రేకులు వేసి, కనీసం 15 నిమిషాలు పట్టి ఉంచాలని అమెరికా ఫెడరల్ నిబంధన.

అన్ని దేశాలూ ఈ దారిలో నడవలేదు. యూరప్‌లో కారవాన్‌లకి కరెంటు బ్రేకుల జోలి లేదు. వెనక బండి నెట్టే నెట్టుడే కొక్కెం దగ్గర కడ్డీని లోపలికి తోసి బ్రేకు పడేలా చేస్తుంది. అక్కడ 750 కిలోలు దాటితే బ్రేకులు తప్పనిసరి. పడవల ట్రెయిలర్లు నీళ్లలో మునుగుతాయి కాబట్టి అమెరికాలో కూడా వాటికి ఎక్కువగా నెట్టుడు బ్రేకులే. ఆస్ట్రేలియా అమెరికా బాట పట్టింది, అడిలైడ్‌కి చెందిన రెడార్క్ కంపెనీ పెట్టెని డ్యాష్‌బోర్డు వెనక దాచి, డ్రైవరు ముందు తిప్పే బిరడా ఒక్కటే ఉంచుతుంది. మన పల్లెల్లో చెరుకు, ధాన్యం నింపుకుని కాలువ గట్ల మీద దిగే ట్రాక్టరు ట్రక్కుల బరువంతా చాలామటుకు ట్రాక్టరు బ్రేకుల మీదే పడుతోంది. ఇంత పాత, ఇంత చవక పరిష్కారం చేతికి అందేంత దూరంలో ఉండగా ఇది నన్ను బాధపెట్టే విషయం.

మళ్లీ అమెరికాకి వస్తే, 2005లో ఫోర్డ్ సూపర్ డ్యూటీ ట్రక్కులకి కంట్రోలర్‌ని కంపెనీలోనే బిగించి ఇచ్చింది. జనరల్ మోటార్స్ కొద్ది కాలంలోనే అదే పని చేసింది. ఇందులో నాకు నచ్చింది మళ్లీ ఆయిల్ ఒత్తిడి దగ్గరికే వెళ్లడం. ఈసారి లైను కొయ్యక్కర్లేదు, ఒత్తిడి చెప్పే సెన్సరు ట్రక్కు కంప్యూటర్‌కి ఎలాగూ ఉంది. చక్రాల వేగం, ఏబీఎస్ పని కూడా దానికి తెలుసు. కెల్సీ-హేస్ కాలం నాటి కాలి స్పర్శ, ఆయిల్ కారే భయం లేకుండా తిరిగొచ్చింది. కొత్త ట్రక్కు కొనేవాళ్లు ట్రెయిలర్ లాగే ఉద్దేశం ఉంటే ఆ ఐచ్ఛికాన్ని మొదట్లోనే తీసుకోవడం మేలు.

ఇప్పుడు కరెంటు ట్రక్కులొచ్చాయి. వీటిలో ఆక్సిలేటర్ మీంచి కాలు ఎత్తగానే మోటారే బండిని నెమ్మదింపజేస్తుంది, చాలాసార్లు పెడల్ తొక్కే పనే పడదు, ఆయిల్‌లో ఒత్తిడి పుట్టదు. వెనక ట్రెయిలర్ మాత్రం ఎప్పటిలాగే నెడుతూనే ఉంటుంది. ఒక్క ఆయిల్ ఒత్తిడినే నమ్ముకున్న కంట్రోలర్‌కి ఆ నెట్టుడు సంగతి తెలియదు, బండి నెమ్మదించడాన్ని కొలిచే సెన్సరుకి తెలుస్తుంది. అందుకని ఈ ట్రక్కు కొనేవాళ్లు మోటారు లాగేబలం ఎంతని అడిగి ఊరుకోకుండా, మోటారు బ్రేకు పడ్డప్పుడు ట్రెయిలర్ బ్రేకులు కూడా అందుకుంటాయా అని అడగాలి. ఖాళీ రోడ్డు మీద, బరువు నింపిన ట్రెయిలర్‌తో స్వయంగా నడిపి చూశాకే సంతకం పెట్టాలి.