డీజిలు లేకుండా రేవు దాటవచ్చా?

చిన్న పడవలకు సౌరవిద్యుత్తు అనువే.. వరద వేళల్లో మాత్రం పరిమితం

గోదావరి పాయల నడుమ నున్న లంక గ్రామాల ప్రజలకు నేటికీ పడవే దారి. విద్యార్థులు, కూలీలు, పాలు, కూరగాయలు అమ్ముకునే రైతులు రోజూ రేవు దాటక తప్పదు. డీజిలు ధర పెరిగినప్పుడల్లా ఆ భారం పడవ యజమానిపైనో, ప్రయాణికులపైనో పడుతోంది. ఈ నేపథ్యంలో సౌరశక్తి, బ్యాటరీలతో నడిచే పడవలు ఏ మేరకు ఉపయోగపడతాయన్నది పరిశీలించదగిన అంశం.

కేరళలో ఆదిత్య

ఇందుకు చక్కని ఉదాహరణ కేరళలో ఉంది. వేంబనాడు సరస్సుపై వైకోం, తవనక్కడవు రేవుల మధ్య 2017 జనవరిలో 'ఆదిత్య' అనే సౌర పడవ ప్రారంభమైంది. దీనిని ఆ రాష్ట్ర జలరవాణా శాఖ నడుపుతోంది. పొడవు 20 మీటర్లు, వెడల్పు 7 మీటర్లు. 75 మంది ప్రయాణించవచ్చు. పైకప్పుపై 20 కిలోవాట్ల సౌర ఫలకాలు, లోపల 50 యూనిట్ల సామర్థ్యం గల లిథియం బ్యాటరీలు అమర్చారు. సుమారు పావుగంటలో అవతలి రేవు చేరుతుంది. కొచ్చిలో 2023 ఏప్రిల్‌లో మొదలైన వాటర్ మెట్రో పడవలు సైతం ప్రధానంగా బ్యాటరీలపైనే నడుస్తున్నాయి.

లెక్క ఇదీ

చిన్న రేవు పడవకు 2 కిలోవాట్ల మోటారు అమర్చి రోజుకు నాలుగు గంటలు నడిపితే 8 యూనిట్ల విద్యుత్తు కావాలి. 2 కిలోవాట్ల ఫలకాలకు పది చదరపు మీటర్ల పైకప్పు సరిపోతుంది. ఎండ బాగా కాసే రోజుల్లో ఇవి దాదాపు 8 యూనిట్లు ఇస్తాయి. ఇది చిన్న ఇంజను రెండు లీటర్లకు పైగా డీజిలుతో చేసే పనికి సమానం. ముసురు పట్టిన రోజుల్లో ఉత్పత్తి సగానికన్నా పడిపోవచ్చు. అందువల్ల రాత్రివేళ రేవు వద్ద కరెంటుతో చార్జింగు చేసుకునే వసతి తప్పనిసరి.

బరువే అసలు సమస్య

8 యూనిట్లు వాడుకోవాలంటే సీసపు బ్యాటరీల బరువు 400 కిలోలు దాటుతుంది. ఇవి పూర్తిగా ఖాళీ అయితే త్వరగా చెడిపోతాయి కనుక సగం సామర్థ్యమే వాడాలి. లిథియం బ్యాటరీలైతే సుమారు 100 కిలోలతో సరిపోతుంది. కాకపోతే ధర ఎక్కువ. ఫలకాలను మరీ ఎత్తున అమర్చితే పడవ ఒరిగే ప్రమాదముంది. బ్యాటరీలను అడుగుభాగాన నీరు చేరని పెట్టెలో బిగించాలి. ఆటుపోట్లు ఉండే ఉప్పునీటి పాయల్లో తీగల కలయికలు తుప్పు పట్టకుండా తరచూ చూసుకోవాలి.

వేగం, ప్రవాహం

పడవ వేగాన్ని రెట్టింపు చేయాలంటే సుమారు ఎనిమిది రెట్ల శక్తి అవసరం. అందుచేత నిదానంగా సాగే పడవలకే ఈ విధానం అనుకూలం. గంటకు 6 కిలోమీటర్ల వేగంతో పోయే పడవ, అంతే వేగంతో వచ్చే వరదకు ఎదురుగా అంగుళమైనా కదలలేదు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద జరిగిన బోటు ప్రమాదం వరద వేళ గోదావరి ఉధృతికి నిదర్శనం. వరద రోజుల్లో ఇలాంటి చిన్న పడవలను కట్టివేయడమే శ్రేయస్కరం.

సముద్రపు వేటకు కష్టమే

తీరం నుంచి దూరంగా పోయే మత్స్యకారుల పరిస్థితి వేరు. 10 హెచ్‌పీ ఇంజను ఐదు గంటలు చేసే పనికి 37 యూనిట్లకు పైగా కావాలి. అందుకు లిథియం బ్యాటరీలే 300 కిలోలు దాటుతాయి. మధ్యలో చార్జి అయిపోతే తిరిగి ఒడ్డు చేరే మార్గముండదు. కనుక వేట పడవలకు ఇప్పటికి డీజిలు ఇంజనును పూర్తిగా మానుకోవడం కష్టమే.

రేవు దాటించే పడవలు, కాలువలు, సరస్సుల్లో విహార పడవలు నిర్ణీత దూరం నడిచి అదే ఒడ్డుకు తిరిగి వస్తాయి. సౌరవిద్యుత్తు తొలుత వీటికే లాభదాయకం. తొలి పెట్టుబడి అధికమైనందున చిన్న యజమాని ఒక్కడే భరించడం దుర్లభం. కేరళలో ఆ భారాన్ని ప్రభుత్వ శాఖ మోసింది. మార్చుకోదలచిన వారు తమ పడవ రోజుకు ఎన్ని గంటలు, ఎంత బరువుతో, ఎంత ప్రవాహంలో నడుస్తుందో ముందుగా లెక్క వేసుకొని ఆపై మోటారు, బ్యాటరీ ఎంచుకోవడం మేలు.