చూపు ఆగిన చోట

ఏదైనా పెద్ద బాధ పడిన ఆడదానికి మన ఇళ్ళల్లో దొరికే మొదటి మందు "మర్చిపో అమ్మా" అన్న మాట. రెండో మందు "ఎవరితోనైనా చెప్పుకో, గుండె తేలిక పడుతుంది" అన్నది. మర్చిపోవడం మన చేతుల్లో ఉండదు. కొన్ని బాధలు కన్నతల్లికి కూడా చెప్పుకోలేం. మరి ఈ రెండూ కుదరని మనిషికి దారేమిటి? కంటి చూపుతో మనసుకు చేసే వైద్యాల చరిత్ర చదువుతున్నప్పుడు నాకు ఈ ప్రశ్నే మళ్ళీ మళ్ళీ తగిలింది. అందుకే ఈ వ్యాసం.

ఈ కథ అమెరికాలో ఫ్రాన్సిన్ షపీరో అనే ఆవిడతో మొదలవుతుంది. 1948లో పుట్టారు. ఆవిడ మొదట చదివింది సైకాలజీ కాదు, ఇంగ్లీషు సాహిత్యం. థామస్ హార్డీ కవిత్వం మీద న్యూయార్క్‌లో పిహెచ్.డి. చేస్తుండగా 1979లో క్యాన్సర్ బయటపడింది. దాని నుంచి కోలుకున్నాక మనసుకీ శరీరానికీ సంబంధం ఏమిటన్న ఆలోచన పట్టుకుంది, చదువు దారి మార్చుకున్నారు. తెలుగు బి.ఏ. చదివి ఇంట్లో ఉన్నదాన్ని కాబట్టి కాబోలు, సాహిత్యం చదివిన మనిషి వైద్యంలో కొత్త దారి వేసిందంటే నాకు కాస్త గర్వంగానే అనిపించింది.

1987లో కాలిఫోర్నియాలో ఒక పార్కులో నడుస్తూ ఉండగా, తనను బాధపెడుతున్న ఆలోచనల తీవ్రత ఉన్నట్టుండి తగ్గినట్టు ఆవిడ గమనించారు. ఆ సమయంలో తన కళ్ళు అటూ ఇటూ చకచకా కదులుతున్నాయని కూడా గమనించారు. ఇంకొకరైతే పట్టించుకోకుండా నడిచిపోయేవారే. ఆవిడ మాత్రం ఇంటికొచ్చి తెలిసినవాళ్ళ మీద ప్రయత్నించి చూశారు. వాళ్ళంతట వాళ్ళు కళ్ళు అలా కదపడం కష్టమైతే, తన వేళ్ళను అటూ ఇటూ ఆడిస్తూ చూపుతో వెంబడించమన్నారు.

1989లో 22 మందితో చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. వాళ్ళలో వియత్నాం యుద్ధం నుంచి వచ్చినవాళ్ళున్నారు, అత్యాచారానికి గురైనవాళ్ళున్నారు, చిన్నతనంలో లైంగిక హింస అనుభవించినవాళ్ళున్నారు. సగం మందికి కళ్ళ కదలికలతో చికిత్స చేశారు. మిగతా సగం మంది చేత ముందు జరిగినదంతా వివరంగా చెప్పించారు. చెప్పినంత మాత్రాన వాళ్ళ బాధ తగ్గలేదు. తర్వాత వాళ్ళకూ ఆ చికిత్స చేశాకే తగ్గిందని ఆవిడ రాశారు. "చెప్పుకుంటే తేలికవుతుంది" అని మనం అనుకునే మాట అన్నిసార్లూ నిజం కాదన్నమాట.

1991లో ఈ పద్ధతికి ఇ.ఎం.డి.ఆర్. అన్న పేరు స్థిరపడింది. కళ్ళ కదలికలతో జ్ఞాపకంలోని వేడిని తగ్గించి, దాన్ని మనసులో మళ్ళీ సర్దుకునేలా చేయడం అని ఆ పేరుకు అర్థం చెప్పుకోవచ్చు. ఇందులో రోగి జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పనక్కర్లేదు. ఆ దృశ్యాన్ని మనసులో పెట్టుకుంటే చాలు. నోరు విప్పలేని ఆడవాళ్ళకు ఇదెంత పెద్ద వెసులుబాటో మీకు వేరే చెప్పాలా?

అయితే పండితులు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడమే మంచిదైంది. తొలి అధ్యయనం చిన్నది, చికిత్స చేసిందీ ఆవిడే. 1999లో రిచర్డ్ మెక్‌నాలీ అనే సైకాలజిస్టు ఈ పద్ధతిని 18వ శతాబ్దపు మెస్మర్ వైద్యంతో పోల్చారు. మెస్మర్ అంటే అయస్కాంత శక్తితో రోగాలు నయం చేస్తానని పారిస్‌ను ఊపేసిన వైద్యుడు. 1784లో ఫ్రాన్సు రాజు వేసిన కమిటీ, బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా అందులో ఉన్నారు, ఆ శక్తి ఏదీ లేదని తేల్చింది. ఇ.ఎం.డి.ఆర్.లో కూడా పనిచేసేది పాత సంగతేనని, అంటే భయపెట్టే జ్ఞాపకాన్ని ధైర్యంగా ఎదుర్కోవడమేనని, కళ్ళు తిప్పడం అలంకారమని విమర్శ. 2001లో అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్ళు కూడా కళ్ళ కదలికల వల్ల అదనపు లాభం కనబడలేదన్నారు. 2013లో మరో ఇద్దరు అలాగే లెక్క వేసి, లాభం ఉందన్నారు. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ, పెద్ద ఆపదల తర్వాత వచ్చే మానసిక గాయానికి సిఫారసు చేసిన చికిత్సల్లో దీన్నీ చేర్చింది.

ఎలా పనిచేస్తుందన్నదానికి ఎక్కువ మంది చెప్పే వివరణ ఒకటుంది. బియ్యం కొలుస్తూ లెక్కపెడుతుంటే ఎవరైనా పలకరించారనుకోండి, లెక్క తప్పుతాం. మనసు ఒకేసారి పట్టుకోగలిగింది కొంచెమే. కళ్ళ ముందు మెదిలే దృశ్యాన్ని పట్టుకుని, అదే సమయంలో కదిలే వేలిని కూడా వెంబడిస్తుంటే ఆ దృశ్యం మసకబారుతుంది. అలా మసకబారిన రూపంలోనే అది తిరిగి మనసులోకి వెళుతుందని వాళ్ళ అభిప్రాయం.

ఇక్కడ కథలో మలుపు వస్తుంది. డేవిడ్ గ్రాండ్ అనే న్యూయార్క్ థెరపిస్టు ఏళ్ళ తరబడి ఇ.ఎం.డి.ఆర్. చేసినవారు. 2001 సెప్టెంబర్ 11 దాడుల నుంచి బయటపడినవాళ్ళు ఎందరికో చికిత్స చేశారు. 2003లో ఆయన దగ్గరికి మంచు మీద స్కేటింగ్ చేసే ఒక పదహారేళ్ళ అమ్మాయి వచ్చేది. గాలిలో మూడు చుట్లు తిరిగే ఒక గెంతు మాత్రం ఆమెకు ఎంతకీ కుదరడం లేదు. ఒకరోజు ఆయన వేళ్ళు మెల్లగా కదుపుతుండగా ఒకచోట ఆ అమ్మాయి చూపు తడబడి నిలిచిపోయింది. ఆయన కూడా చెయ్యి అక్కడే ఆపేశారు. పది నిమిషాల పాటు ఆ అమ్మాయి మనసులోంచి అంతవరకూ రాని పాత బాధలు బయటికొచ్చాయి. మర్నాడు ఆ గెంతు ఇబ్బంది లేకుండా వేశానని ఫోను చేసింది. అలా పుట్టిన పద్ధతికి బ్రెయిన్‌స్పాటింగ్ అని పేరు పెట్టారు. చూపు ఏ చోట నిలిపితే ఒంట్లో బాధ బాగా తెలుస్తుందో రోగి చెప్పవచ్చు. లేదా రెప్పపాటు, గుటక, ముఖంలో చిన్న మార్పు చూసి థెరపిస్టు పట్టుకోవచ్చు. తర్వాత చూపు అక్కడే నిలిపి, మనసులో ఏది కదిలితే దాన్ని కదలనివ్వడం.

"ఎటో చూస్తోంది", "చూపు శూన్యంలో ఉంది" అని మనం దుఃఖంలో ఉన్న మనిషి గురించి అంటూనే ఉంటాం. కాబట్టి ఈ మాట మనకు చప్పున నచ్చుతుంది. కానీ ఆలోచించండి. ఒకాయన చూపు ఆపాలంటారు, ఒకావిడ కదపాలన్నారు. బియ్యం లెక్క వివరణ చూపు ఆపే పద్ధతికి అంతగా అతకదు. చూపు నిలిచిన చోటికీ మెదడు లోతుల్లోని బాధకీ ముడి ఉందని గ్రాండ్ నమ్మకం. అది ఇంకా రుజువు కాలేదు. ఇ.ఎం.డి.ఆర్. ముప్పై ఏళ్ళకు పైగా పరీక్షలకు నిలిచింది. బ్రెయిన్‌స్పాటింగ్ మీద జరిగిన అధ్యయనాలు కొద్ది, చిన్నవి. రెండింటిలోనూ ఉన్న సంగతి మాత్రం ఒకటుంది. ఎదురుగా కూర్చున్న మనిషి కంగారు పెట్టకుండా, ప్రశ్నలతో గుచ్చకుండా, ముఖంలో కదిలే చిన్న మార్పును కూడా గమనిస్తూ ఉంటాడు. అది మన ఇళ్ళల్లో ఎంతమందికి దొరుకుతోంది?

పెద్ద పెద్ద ఆపదల్లో కూడా ఈ వైద్యం పనికొచ్చింది. 1997లో మెక్సికోలో పౌలీన్ తుఫాను వచ్చి వెళ్ళాక, అకపుల్కోలో బాధితులతో పనిచేస్తూ లూసీనా ఆర్తిగాస్ అనే ఆవిడ ఒక చిన్న ఉపాయం కనిపెట్టారు. రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టుకుని, ఒకదాని తర్వాత ఒకటిగా మెల్లగా తట్టుకోవడం. దానికి సీతాకోకచిలుక కౌగిలి అని పేరు. 2001లో గుజరాత్ భూకంపం తర్వాత మన దేశంలోనూ ఇ.ఎం.డి.ఆర్. శిక్షణ ఇచ్చి పిల్లలకు సాయం చేశారు.

ఇది చదివి ఇంట్లోనే కళ్ళు తిప్పుకుంటూ పాత గాయాలను తవ్వుకోవద్దని నా మనవి. పాత జ్ఞాపకం ఒక్కసారిగా పైకి లేస్తే పట్టుకోవడానికి తెలిసిన మనిషి పక్కన ఉండాలి. వెళ్ళేముందు వాళ్ళు సైకాలజీ లేదా సైకియాట్రీ చదివారా, ఈ పద్ధతిలో శిక్షణ ఎక్కడ తీసుకున్నారు అని మొహమాటం లేకుండా అడగండి. ఒక్క సిట్టింగులో అన్నీ పోతాయన్నవాళ్ళను నమ్మకండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416 ఉంది. ఫోను ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఈ వైద్యాలు ఏవీ జ్ఞాపకాన్ని చెరిపేయవు. జరిగింది గుర్తుంటుంది, కానీ గుర్తొచ్చినప్పుడల్లా గుండె దడదడలాడకుండా ఉంటుంది. అందుకే ఈసారి ఎవరైనా మన ముందు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే "మర్చిపో" అనకుండా ఉందాం. చెప్పమని బలవంతం కూడా చేయవద్దు. కాసేపు పక్కన కూర్చుని, చెప్పకపోయినా ఫర్వాలేదు, దీనికి వైద్యం ఉంది, తోడుగా నేనొస్తాను అందాం.